శీను పత్యం

కుప్పం,
ఆదివారం.

అమ్మకు భాగ్య నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నాయన మోకాలి నొప్పి ఎట్లుంది? ఎనుము ఈనిందా? ఇక్కడ వారంగా తుంపర ఆగడం లేదు. హాస్టల్లో రాగి సంగటి ఉండదు, మూడు పూటలా అన్నమే. గదిలో ఉన్న అమ్మాయికి తమిళం తప్ప రాదు, సైగలతో గడుపుతున్నాం. నా గురించి బెంగ వద్దు.

ఫోనుండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోన్లో అయితే "ఊ, పెడతాలే" అని కట్ చేస్తావు. అందుకే మునెప్ప మామ చేతికిచ్చి పంపుతున్నాను. రేపు పొద్దున బస్సుకు పుంగనూరు మీదుగా వస్తాడు. నాయన చదువుతాడు, నువ్వు కూర్చుని విను.

తమ్ముడు శీను నిన్న తొడ గాయం ఫోటో పంపాడు. టమోటా బండి మీద నుంచి పడి ఎముక విరిగితే మదనపల్లెలో ఆపరేషన్ బాగానే చేశారు. కానీ కుట్ల దగ్గర ఒకచోట అంచులు కలవలేదు, తడిగా ఉంది. ఏం తింటున్నావురా అంటే, "మిరియాల సారన్నం. అమ్మ ఇంకేమీ పెట్టదు" అన్నాడు. పప్పు తింటే చీము పడుతుందని నీ భయం. అది నాకు తెలుసు.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. ఈ ఆస్పత్రిలో యాక్సిడెంటై ఆపరేషన్ అయినవాళ్లలో ఎవరికి త్వరగా మానుతోంది, ఎవరికి మానడం లేదు, ఎందుకు అని మా డాక్టర్లు పరిశోధన చేస్తున్నారు. నేను ప్రతి మంచం దగ్గరికీ పోయి అడిగి రాస్తాను. దెబ్బ తగిలాక ఎంతసేపటికి వచ్చారు, దారిలో ఎవరేం చేశారు, ఇప్పుడేం తింటున్నారు అని.

గుర్రంకొండ వైపు లారీ డ్రైవరు ఒకడు ఉన్నాడు, పేరు చెప్పకూడదు. కడుపుకు ఆపరేషన్ అయింది. డాక్టరు తిండి పెట్టమన్నాక రోజూ పప్పు, గుడ్లు వార్డుకు వస్తున్నాయి. వాళ్లమ్మను రోజూ అడిగేదాన్ని.

"తింటాండాడమ్మా, రాసుకో" అనేది. రాసుకున్నాను.

శుక్రవారం అతను గట్టిగా దగ్గాడు. కుట్లు విడిపోయాయి. కడుపు మీద తడిగుడ్డ కప్పి థియేటరుకు పరుగెత్తించారు. అప్పుడు పక్క మంచం ఆమె చెప్పింది: "గుడ్లన్నీ మా పిల్లోళ్లకే ఇస్తాండె. ఎంత మంచిదో అనుకుంటి."

వాళ్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

"నిజం సెప్తే నువ్వు నిలబడి తినిపిస్తావు. సీము పట్టి సస్తాడని గదా నా బయం. నా బిడ్డను నేనే సంపుకుంటానా అమ్మా?"

ఆ మాట నువ్వు అన్నట్టే ఉంది. కోప్పడలేకపోయాను.

తిండి ఒక్కటే కారణం కాదని డాక్టరు అన్నాడు. దగ్గు ఉంది, బీడీలు ఉన్నాయి. కానీ ఒంట్లో సత్తువ లేకపోతే దారం దేన్ని పట్టుకుని నిలుస్తుంది అని అడిగాడు. అతను ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు, ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదు. నోటికి ఏమీ ఇవ్వకూడదు. ఈ పొద్దున వాళ్లమ్మ గుడ్డు ఉడకబెట్టించుకొచ్చి తలుపు దగ్గర నిలబడింది. "ఇప్పుడు పెడతానమ్మా, లోపలికి పోనీ" అంది.

"నీ అపెండిక్స్ ఆపరేషనుకు ఇట్లే పత్యం పెట్టినా, మానలేదా?" అంటావు. మానింది. నాకు మానిందని అందరికీ మానుతుందా? అందుకే ఇక్కడ ఒక్కరిని చూసి ఊరుకోకుండా వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాం.

మామ రాగానే, ఆ మధ్యాహ్నమే శీనును మదనపల్లెలో ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. వారం, వర్జ్యం అని ఆగవద్దు. పప్పు, గుడ్డు, పాలు మొదలుపెట్టు. తిన్నాడని నువ్వు చెబితే నమ్మను, నాయన చూసి చెప్పాలి. సాయంత్రానికి ఫోను రాకపోతే సెలవు పెట్టి నేనే వచ్చి వాడిని ఇక్కడికి తెచ్చుకుంటాను.

అవ్వకు, నాయనకు నా దండాలు. నన్ను దీవించడం తరువాత కానీ. ముందు లేచి వాడికి పప్పన్నం పెట్టు.

నీ కూతురు,
భాగ్య