పన్నెండో నంబరు చీటీ

విజయవాడ,
ఆదివారం ఉదయం.

చి.ల.సౌ. మాణిక్యానికి,

ఆశీస్సులు. ఇక్కడ కోడలూ పిల్లా కులాసా. హనుమాన్ జంక్షన్‌లో మీ అమ్మగారి కాలి కట్టు విప్పారని మన అబ్బాయి చక్రి చెప్పాడు, సంతోషం. నా క్షేమం సంగతి కింద రాస్తాను.

మీ అమ్మ ముందు ఒంట్లో సంగతి ఫోన్లో మాట్లాడలేక ఉత్తరం పంపావు. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, బీపీ పెరిగిందేమో, రెండో మాత్ర కూడా వేసుకోనా అని అడిగావు. అసలు మాత్రే వేసుకోవద్దని నిన్న ఫోన్లో చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు. నువ్వు కోప్పడితే నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం చూడగానే నీకు పంపుదామని శుక్రవారం గవర్నర్‌పేటలో బీపీ మిషన్ కొన్నాను. పనిచేస్తుందో లేదోనని ముందు నా చేతికే చుట్టుకున్నాను. 178, 108. పాడైందని వెనక్కిచ్చేయబోతే షాపులో రామతులసి అనే అమ్మాయి, "టీ తాగి, మెట్లెక్కొచ్చి చూసుకుంటే ఎక్కువే చూపిద్దండీ. ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి. వీపు ఆనించి, పాదాలు నేలకి పెట్టి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉంచండి. మాట్లాడొద్దు" అంది. అలాగే రెండు రోజులు చూశాను. 170 దిగలేదు.

నిన్న సాయంత్రం డాక్టర్ సింధూరి గారి దగ్గరికెళ్ళాను. నాకు కోపమే రాదు కదమ్మా అన్నాను.

"కోపానికి కాసేపు పెరిగి దిగుతుందండీ. జబ్బు అది కాదు. శాంతంగా ఉండేవాళ్ళకీ ఉంటుంది, ఏ బాధా తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది" అన్నారావిడ.

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా టైర్లు అమ్ముతున్నాను. గాలి ఎంతుందో కంటితో చెప్పలేమని డ్రైవర్లకి చెప్పేది నేనే.

ఇక దాచి లాభం లేదు. మూడు నెలల కిందట ఉచిత వైద్య క్యాంపులో మనిద్దరికీ బీపీ చూశారు కదా. చీటీల మీద పేర్లు లేవు, టోకెన్ నంబర్లే. ఎక్కువ వచ్చింది పన్నెండుకి. పన్నెండు నాది. అది నాకు అప్పుడే తెలుసు. కానీ మనింట్లో బీపీ అంటే నువ్వే. "అమ్మకి బీపీ వచ్చింది, పక్కకి రండి" అని చక్రి కూడా అంటాడు. చీటీలు తారుమారయ్యాయనుకుని నీ చేతిలో పెట్టాను. డాక్టరుకి చూపించమని క్యాంపువాళ్ళు చెప్పినా నేను నిన్ను తీసుకెళ్ళలేదు. తెలిసిన మందుల షాపులో ఆ చీటీ చూపించి మాత్రలు తెచ్చిచ్చాను. నా జబ్బుకి నువ్వు మాత్రలు మింగావు మాణిక్యం.

కళ్ళు తిరిగేది అందుకే కావచ్చునన్నారు డాక్టర్ గారు. సోమవారం నిన్ను తీసుకురమ్మన్నారు. ఈ ఉత్తరం ఇచ్చాక చక్రి నిన్ను కారులో తీసుకొస్తాడు. అందాకా లేచేముందు కాసేపు మంచం మీదే కూర్చో. నాకు మందు రాసిచ్చారు, మొదలుపెట్టాను. పక్షవాతమొస్తుందేమోనని భయంగానే ఉంది. నువ్వు బాత్రూమ్‌లో తూలి పడతావేమోనని అంతకన్నా భయంగా ఉంది.

ఈ మూడు నెలలూ నువ్వు గొంతు పెంచినప్పుడల్లా మాత్ర వేసుకున్నావా అని అడిగాను. నిజంగా జబ్బేమోనని నువ్వు మాట సగంలో ఆపేసేదానివి. ఊరెళ్ళే ముందు రోజు కూడా అంతే చేశావు. ఆ రోజు నువ్వు అరిచింది, నన్ను మళ్ళీ ఒకసారి బీపీ చూపించుకోమని.

ఇట్లు,
చక్రి నాన్న