పెద్దోడు కాపలా మానేశాడు

తడ దగ్గర,
సారువాళ్ల తోట నుంచి

అక్కకు, కస్తూరి రాస్తున్నాను. నేను బాగున్నాను. నువ్వూ, బావా, నాయనా బాగున్నారనే అనుకుంటున్నాను. నాయన మోకాలి నొప్పి తగ్గిందో లేదో, ఎప్పుడడిగినా "బాగుండాడులే" అంటావు తప్ప ఉన్నమాట చెప్పవు. తైలం రాస్తున్నావా? హేమకు దగ్గు పోయిందా? అన్నీ అడుగుతున్నాను గానీ ఈ ఉత్తరం అసలు హేమ కోసమే.

ఫోనుండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. మన ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నేనొక మాటంటే నాయన వింటాడు, బావ వింటాడు, గోడవతల వాళ్లు కూడా వింటారు. అందరికంటే ముందు హేమ వింటుంది. ఈ మాటలు అది వినకూడదు. అది నిద్రపోయాక నువ్వొక్కదానివే కూర్చుని చదువుకో.

పోయిన ఆదివారం నువ్వు చెప్పావు చూడు. "ఇప్పుడు దానికి నేను తినిపించడం లేదే కస్తూరీ. పళ్లెం ముందర పెట్టి వచ్చేస్తా ఉండాను. నాయన పక్కన పండుకోబెడతా ఉండాను. నన్ను అమ్మా అంటే పలకను. మీ అమ్మ తడలో ఉండాది, నేను పెద్దమ్మను అంటాను. మొదట్లో శానా ఏడ్సింది, ఇప్పుడు మేలు. నువ్వొచ్చే తలికి నీ దగ్గిరికి వచ్చేస్తాది సూడు." ఎంత సంతోషంగా చెప్పావో! నేను ఉలకలేదు, పలకలేదు. సిగ్నల్ పోయిందనుకుని పెట్టేశావు. సిగ్నల్ ఎక్కడికీ పోలేదు. ఆ రోజు చెప్పని జవాబే ఇప్పుడు రాస్తున్నాను. అది నీకు అర్థం కావాలంటే ముందు మా పెద్దోడి సంగతి చెప్పాలి. విసుక్కోకుండా చదువు.

ఇక్కడి ఎండ మన ఎండ కాదక్కా. మన దగ్గర ఎండ నెత్తిన కొడుతుంది, నీడలోకి పోతే వదిలేస్తుంది. ఇక్కడ సముద్రం గాలికి నీడలో కూడా ఒళ్లంతా జిడ్డే. ఉతికిన బట్ట ఒక పట్టాన ఆరదు. అన్నం, సాంబారు, మళ్లీ అన్నం. సంగటి ముద్దలో చెనిక్కాయల ఊరిబిండి నంజుకుని తిని ఎన్నాళ్లయిందో. పుత్తూరు వైపు నుంచి ఎవరైనా ఇక్కడి కంపెనీలకు వస్తుంటే కాస్త రాగిపిండి ఇచ్చి పంపు. సారూ మేడమూ శుక్రవారం చెన్నై నుంచి వస్తారు, ఆదివారం పోతారు. తోట పనికొచ్చే పెద్దాయనకు అరవం తప్ప రాదు, పొద్దుగూకితే ఆయనా పోతాడు. ఇక నేనూ, ఈ తోటా, పెద్దోడూ.

పెద్దోడంటే కుక్క. అదే, హేమను నాతో తెచ్చుకోనివ్వని కుక్క. మీ మరిది, అదే హేమ తండ్రి, మమ్మల్ని వదిలేసి తన దారి తాను చూసుకున్నాక ఈ పని దొరికింది. చేరిన రోజే మేడం కచ్చితంగా చెప్పేసింది. "ఈ జాతి కుక్క ఉండే ఇంట్లో సిన్నబిడ్డలు వద్దమ్మా. ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పేది?" అప్పుడే పాలు మాన్పిన బిడ్డను నీ ఒళ్లో పెట్టి బస్సెక్కాను. అందుకని మొదట్లో ఆ కుక్కను చూస్తే నా కడుపు మండిపోయేది.

వచ్చినప్పుడు గొర్రెపిల్లంత ఉన్నాడు. టిబెటన్ మాస్టిఫ్ అట. మంచుకొండల్లో గొర్రెల మందలకు, గుడారాలకు కాపలా కాసే జాతి. దాన్ని తెచ్చి ఈ ఉప్పుగాలిలో పడేశారు. డబ్బున్నోళ్ల ముచ్చట్లు, మనమేమంటాం! వాళ్లు పెట్టిన పేరు సీజర్. ఆ పేరుకు వాడు చెవి కూడా కదపడు. నాకు మాత్రం పెద్దోడే. ఈ కుక్కపిల్లను తెచ్చిచ్చినతను పోతూ పోతూ నాతో ఒక మాట చెప్పాడు. "దీన్ని పిలవొద్దమ్మా, పట్టుకోవద్దు. వీపు తిప్పి నీ పని నువ్వు చేసుకో. దానంతట అది రావాల. వచ్చిందంటే ఇంక పోదు." అలాగే వంటగది మెట్టు మీద కూర్చుని ఆకుకూర ఒలుచుకునేదాన్ని, వాడి వైపు చూడకుండా. చాలా రోజులు దూరం నుంచే చూశాడు. ఒకనాడు మోచేతికి చల్లగా తగిలితే తిరిగి చూశాను, వాడి ముక్కు.

ఎంత చాకిరీ అనుకున్నావు! ఉప్పు లేకుండా కోడి, గుమ్మడికాయ, అన్నం ఉడికించాలి. తిన్న వెంటనే పరుగెత్తనివ్వకూడదు, ఇంత పెద్ద కుక్కలకు కడుపు మెలితిరిగి ప్రాణం మీదికొస్తుందట. ఎండలకు బొచ్చు గొరిగించేద్దామని మేడం అంటే పశువుల డాక్టరు వద్దన్నాడు, ఆ బొచ్చే ఎండను ఆపుతుందట, దువ్వితే చాలట. ఏటా రాలే బొచ్చుతో ఒక పరుపు కుట్టుకోవచ్చు. పగలంతా వంటింటి బండల మీద నీళ్లు చల్లితే అక్కడే నిద్ర. చీకటి పడగానే లేచి డ్యూటీ. గేటు, పంపుసెట్టు, మామిడి చెట్లు, చివరికి నా గది. గడప దగ్గర ఆగి ఒక పెద్ద నిట్టూర్పు విడిచి మళ్లీ గేటుకు పోయేవాడు. తోక ఊపి, చెయ్యి నాకి మెప్పించే రకం కాదక్కా. ముద్దు చేయబోతే మొహం పక్కకు తిప్పుకుంటాడు. కానీ ఊరికి ఇంత దూరంలో ఒంటరి ఆడదాన్ని భయం లేకుండా నిద్రపోయానంటే ఆ నిట్టూర్పు చప్పుడు వల్లే.

ఈమధ్య సారు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. టీ ఆలస్యమైందని అందరి ముందూ నా మీద చెయ్యి ఊపుతూ కేకలేశాడు. పెద్దోడు నిద్రలోంచి లేచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. కరవలేదు, మీద పడలేదు. నిలబడి గొంతులో ఒక్క గుర్రు, అంతే. సారు వెనక్కు అడుగేసి కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. స్నేహితులు నవ్వారు. అక్కడే వచ్చింది తంటా.

"నేను కొనుక్కొచ్చిన కుక్క నన్నే గుర్రుమంటాదా?" అన్నాడు. "డబ్బు పోసినోడిని నేను. నువ్వు దాన్ని మప్పుకోని కూసున్నావు. రేపటి నుంచి నువ్వు దానికి పెట్టొద్దు, ముట్టుకోవద్దు, పలకరించొద్దు. నేనే ఉండి పెడతాను. ఎవురు యజమానో దానికి తెలియాల." మెడలో గొలుసు వేసి వరండా స్తంభానికి కట్టేశాడు. వారంలో రెండు రోజులు కనబడే మనిషి, ఒక్కనాడు దువ్వెన పట్టని మనిషి, ఆయన యజమాని!

సెలవు పెట్టి మరీ ఉండిపోయాడు. ఆయన చెప్పినట్టే చేశాను, చేయకపోతే పని పోతుంది, పని పోతే ఇల్లెట్లా గడిచేది. మొదటి రోజు వాడు నేనేదో ఆట ఆడుతున్నాననుకున్నాడు. నేను పక్కనుంచి పోతే తల ఎత్తి చూసేవాడు. నేను చూడను. సారు పెట్టిన గిన్నె వాసన కూడా చూడలేదు. గొలుసు ఎంత దూరం సాగితే అంత దూరం నా గది వైపు సాగి, ఎండలోనే పడుకునేవాడు. సారు నీడలో నీళ్లు చల్లి పిలిచినా రాడు. ముందుకాళ్లు నాకి నాకి పుండు చేసుకున్నాడు. నేను బకెట్ పట్టుకుని అటే పోవాలి, మొహం తిప్పుకుని పోవాలి. అక్కా, అట్లా ఎన్నిసార్లు పోయానో, నా బతుకు మీద నాకే అసహ్యం పుట్టింది.

చివరికి తిన్నాడు. ఆకలి ఎవరిచేతనైనా తినిపిస్తుంది. సారు పొంగిపోయి, వాడి తల మీద చెయ్యేసి ఫోటో తీయించుకున్నాడు. "సూసినావా, లైనుకొచ్చినాడు" అన్నాడు నాతో. గొలుసు విప్పేశాడు. నేను పక్కనుంచి పోయాను. పెద్దోడు తల ఎత్తలేదు. పోనీ, సారు దగ్గరకు పోయాడా? అదీ లేదు. గోడకు మొహం పెట్టి పడుకున్నాడు.

ఆ రాత్రి నుంచి తిరగడం మానేశాడు. పార్శిల్ తెచ్చిన కొత్త మనిషి గేటు తీసుకుని వంటింటి దాకా వచ్చి నిలబడితే చెవి కూడా కదపలేదు. డాక్టరును పిలిపించారు. ఆయన కళ్లు చూశాడు, కడుపు నొక్కాడు. "జబ్బేమీ లేదు సార్. ఈ జాతివి ఒకరికి అలవాటైతే అంతే. ఈ మధ్య ఇంట్లోంచి ఎవురన్నా పోయినారా?" అని అడిగాడు. "ఎవురూ పోలేదే" అన్నాడు సారు. నేను అక్కడే కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

కాపలా కాయని కుక్క తనకు దండగట. కుక్కపిల్లలు తీయించి అమ్ముకునేవాళ్లకు ఎవరికో ఇచ్చేస్తున్నాడు. రేపో ఎల్లుండో వ్యాన్ వస్తుంది. వాడికి ఇప్పుడు నేను అన్నం పెట్టొచ్చట, దువ్వొచ్చట, ఇక ఎవరికీ అభ్యంతరం లేదు. నిన్న దువ్వాను. దువ్వించుకున్నాడు. ఎవరు దువ్వినా అట్లాగే దువ్వించుకుంటాడు.

ఇప్పుడు అసలు మాట విను. నిన్న మేడం నవ్వుతూ నా దగ్గరకొచ్చింది. "కస్తూరీ, ఇంక కుక్క ఉండదు కదా. నీ పాపను పిలుసుకోని వచ్చేయ్. నీ రూములోనే పెట్టుకో. ఈడ బడి కూడా ఉండాది" అంది. చేరినప్పటి నుంచీ నేను ఏ దేవుడికి మొక్కినా అడిగింది ఈ మాటే. అక్కా, ఆ మాట విని నాకు నవ్వు రాలేదు. వరండాలో గోడకు తిరిగి పడుకున్న వాణ్ణే చూస్తూ నిలబడ్డాను.

గంగమ్మ జాతరకు వచ్చినప్పుడు నీకు గుర్తుంది కదా. వడమాలపేటలో బస్సు దిగి పరుగున వస్తే హేమ నీ చీర కొంగులో దూరింది. నేను ఎత్తుకుంటే నా మొహం మీద కొట్టి "అమ్మా" అని నీ వైపు చేతులు చాపి ఏడ్చింది. నవమాసాలు మోసి కన్నదాన్ని నేనే కదా అని నాకు ఒళ్లు మండింది, ముద్ద కూడా ముట్టకుండా సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేశాను. అది చూసే కదా నువ్వు ఈ పని మొదలుపెట్టావు. నా బిడ్డను నాకు ఇచ్చేయాలని. పిల్లల్లేని నీకు అది ఎంత కష్టమో నాకు తెలియదా? పక్క గదిలో అది ఏడుస్తుంటే నువ్వు ఏం చేస్తుంటావో నాకు తెలుసు. నేనూ బకెట్ పట్టుకుని మొహం తిప్పుకుని పోయినదాన్నే.

వద్దక్కా. నిన్ను వదిలించినంత మాత్రాన అది నా దగ్గరకు రాదు. ఎవరి దగ్గరకూ పోకుండా అయిపోతుంది. ఏడుపు మానిందని మురిసిపోకు. పెద్దోడు కూడా మానేశాడు.

ఈ ఉత్తరం అందిన పూటే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నీ చేత్తో సంగటి తినిపించు. నీ పక్కలో పడుకోబెట్టుకో. అమ్మా అంటే పలుకు. ఒక్క పిలుపుకు పదిసార్లు పలుకు, ఇన్నాళ్లూ పలకని పిలుపులన్నిటికీ బాకీ తీరాలి కదా. దాన్ని ఇక్కడికి తీసుకురాను. మేడంతో చెప్పేశాను. "పిచ్చిదానివా, కన్నబిడ్డను వద్దంటావా?" అంది. అననీ. ఆమెకు చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు.

సెలవిచ్చినప్పుడు వస్తాను. అది నీ ఒళ్లో ఉంటే ఉండనీ, నేను మీ ఇద్దరికీ వీపు తిప్పి గడపలో కూర్చుని ఆకుకూర ఒలుచుకుంటాను. పిలవను, ఎత్తుకోను. దానంతట అది వస్తే వస్తుంది. "ఎవురమ్మా ఆమె?" అని అడిగితే, నా మీద ఒట్టు, ఇంకో మాట చెప్పకు. చిన్నమ్మ అని చెప్పు.

నాయనకు నా దండాలు చెప్పు. తైలం అయిపోతే పంపిస్తాను, దాచకుండా చెప్పమను. బావను ఎండలో తిరగొద్దని చెప్పు. వాళ్లిద్దరి దీవెనా, నీ దీవెనా నాకు ఉంటే చాలు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, నేను బాగానే ఉన్నాను. రాత్రిళ్లు మాత్రం గడప దగ్గర ఏ చప్పుడూ లేక నిద్ర పట్టడం లేదు.

ఇట్లు
నీ చెల్లెలు,
హేమకు చిన్నమ్మ,
కస్తూరి