సోలెడు మైదా

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు వాసంతికి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నీ అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ బావ, అమ్మ బాగానే ఉన్నాం. షోలాపూర్‌లో నువ్వు, మరిది బ్రహ్మం, నీ బిడ్డ జ్యోతిక చల్లగా ఉన్నారని తలుస్తాను.

దుప్పట్ల పార్సెల్ అందింది, అందులో పెట్టిన నీ ఉత్తరమూ అందింది. ఎర్ర దుప్పటి అమ్మ ఎవరినీ ముట్టనివ్వడం లేదు. ఆమె మోకాళ్ల సంగతి అడిగావు. మలక్‌పేట దవాఖానలో మందులు మార్చారు. ఇప్పుడు మెట్లు దిగి కూరగాయల బండివాడితో పోట్లాడేంత ఓపిక వచ్చింది. నా కేకుల ఆర్డర్లు ఎట్లా ఉన్నాయన్నావు. బాగానే ఉన్నాయి. ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

"జ్యోతిక బేకరీ కోర్సుల చేరతనని రెండు దినాల సంది అన్నం తింటలేదు. నా వాసి లేని చెయ్యే దానికీ వచ్చిందేమోనని భయమైతంది. నువ్వన్న వద్దని చెప్పక్కా" అని రాశావు. నేను చెప్పను. ఎందుకో ఫోన్‌లో చెబుదామంటే నీ గొంతు వినగానే నోరు పెగలదు. అందుకే కాగితం పట్టాను.

మూడేళ్ల కింద, నువ్వు మన్సూరాబాద్‌లో ఉన్నప్పుడు, నా దగ్గర కేకు నేర్చుకున్నావు. నాకు కప్పులూ గ్రాములూ అలవాటు లేదు. అన్నీ అమ్మ ఇచ్చిన ఇత్తడి సోలతోనే. సోలెడు మైదా, సోలెడు చక్కెర, అర సోల నూనె, నాలుగు గుడ్లు. నీ దగ్గర సోల లేదు, తూకం మిషన్ ఉంది. ఫోన్ చేసి, "సోల అంటే పావుకిలోనే గద అక్కా?" అని అడిగావు. మనింట్లో బియ్యానికి అదే లెక్క, అట్లాగే విని పెరిగాం. కానీ అదే సోల నిండా మైదా పోసి తూచితే నూట ముప్పై గ్రాములు దాటదు. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు వాసంతీ. తెలిసి కూడా "ఆఁ, అంతే" అన్నాను.

ముందురోజే నా పాత గిరాకీ సుమిత్రమ్మ, "మనుమని పుట్టినరోజు కేకు ఈసారి మీ చెల్లెకు చెప్పిన, మాకు దగ్గర గద" అంది. నాకు కడుపు మండింది. ఒక్కసారి చెడితే చాలు, మళ్లీ నా దగ్గరికే వస్తారనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

మైదా దాదాపు రెట్టింపు పడింది. కేకులో కత్తి దిగలేదు. "కేకు తెచ్చినవా, ఇటుక తెచ్చినవా?" అని సుమిత్రమ్మ అందరి ముందూ అంది. నువ్వు నా ఒళ్లో తల పెట్టి "నాకు హస్తవాసి లేదక్కా" అని ఏడుస్తుంటే, "దేనికైనా వాసి ఉండాలిలే" అంటూ నీ తల నిమిరాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఓవెన్ ఎవరికో ఇచ్చేశావు. బ్రహ్మం షోలాపూర్ పోదామంటే, ఇక్కడ ఎవరికి మొహం చూపించాలని వెంటనే సరేనన్నావు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి వల్ల నువ్వు ఊరే విడిచిపోయావు.

నిన్న ఎల్బీ నగర్ పోయి సుమిత్రమ్మకు అంతా చెప్పాను. "ఆ పొల్లను ఎన్ని మాటలంటిని! ఆ ఉసురు ఇప్పుడు ఎవలికి తగుల్తది?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. కూర్చోమని కూడా అనలేదు.

ఇవి రాసుకో. మైదా నూట ముప్పై గ్రాములు, చక్కెర రెండువందల పది, నూనె నూట పదిహేను. నా మాట మీద నమ్మకం పోతే ఇంకెవరినైనా అడిగి చూసుకో.

జ్యోతికను కోర్సులో చేర్పించు. అది అడిగితే ఏదీ దాచకు. తప్పింది అమ్మ చెయ్యి కాదని, పెద్దమ్మ నోరని చెప్పు.

ఇట్లు,
క్షమించమని అడిగే మొహం లేని
నీ అక్క ఉదయలక్ష్మి