పక్క కుట్లు

భవానీపురం,
గురువారం.

అత్తయ్యగారికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకండి. ఎదురుగా మాట్లాడితే నాకు గొంతు లేస్తుంది, మీరు వంటింట్లోకి వెళ్ళిపోతారు. కాగితమైతే ఆ ఇబ్బంది లేదు.

పొద్దున నా నల్ల టైట్స్ తీసి చూశాను. రెండు పక్కలా కుట్లు విప్పి, మధ్యలో కాటన్ గుడ్డ పట్టీ వేసి ఉంది. కుట్టు నీటుగా ఉందని ఒప్పుకోవాలి. కానీ వాటి పనే బిగుతుగా ఉండడం. జిమ్‌లో బరువు మోస్తూ గుంజీళ్ళలాంటి స్క్వాట్లు చేసిన మర్నాడు మన మేడ మెట్లు దిగాలంటే నాకు చుక్కలు కనిపిస్తాయి. అవి వేసుకుంటే తొడలూ పిక్కలూ కాస్త తేలికపడతాయి. కోచ్ మాణిక్యంగారైతే "తిండీ నిద్రా ముఖ్యమమ్మా, ఇది పైపై సాయమే" అంటారు. ఆ పైపై సాయమే నాకిప్పుడు కావాలి. ఆదివారం రాష్ట్ర వెయిట్‌లిఫ్టింగ్ జట్టుకి సెలక్షన్లు.

మీరు కావాలనే చేశారని నా అనుమానం. పక్కింటి సంపూర్ణమ్మగారు మన వరండాలో కూర్చుని "ఆడపిల్లకి ఆ బరువులేంటండీ, రేపు కడుపు పండొద్దూ" అన్నప్పుడు మీరు ఒక్క మాట అనలేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నారు. ఆవిడ మాటకన్నా మీ మౌనం నాకు ఎక్కువ కష్టమనిపించింది. మీ అబ్బాయితో చెబితే "అమ్మ అంతేలే" అన్నారు.

సెలక్షన్లయ్యాక బెంజ్ సర్కిల్ దగ్గర లేడీస్ హాస్టల్లో చేరదామనుకుంటున్నాను. ఆయనకి ఇంకా చెప్పలేదు. ముందు మీకే చెబుతున్నాను.

సింధూరి

*

శుక్రవారం, మధ్యాహ్నం.

అమ్మాయి సింధూరికి,

మొన్న నువ్వు ఆ టైట్స్ మార్చుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడు నీ పిక్కల మీద ఎర్రగా అచ్చులు పడి ఉన్నాయి. సైజు చాలక పట్టేస్తున్నాయి, చెప్పడానికి మొహమాటపడుతోంది అనుకున్నాను. బిగుతే దాని పనని నాకెవరు చెప్పారు? బట్ట పట్టేస్తే వదులు చెయ్యడం ఒక్కటే నాకు తెలుసు.

నీకు తెలియని సంగతి ఇంకోటుంది. బ్యాంకుకి నువ్వు కట్టే చీరల జాకెట్లు దసరా నుంచీ నీకు చాలడం లేదు. లోపల దర్జీ వదిలే గుడ్డ ఉంటుంది కదా, ఉతికి ఆరేసినప్పుడల్లా ఒక్కో కుట్టు విప్పి వదులు చేస్తూ వచ్చాను. నీ భుజాలు పెరుగుతున్నాయని ఈ ఇంట్లో ముందు తెలిసింది నాకే. మీ మామయ్యకీ, జయంత్‌కీ చెప్పలేదు. చెప్పాల్సినంత వింతగా నాకనిపించలేదు.

కుట్టుమిషను సంపూర్ణమ్మది. ఆవిడతో తగాదా పెట్టుకుంటే ఎక్కడ కుట్టను? అందుకే ఆ రోజు నోరు మూసుకున్నాను. నీకంత కష్టం కలుగుతుందనుకోలేదు. నీ ఉత్తరం చదివి నిన్న సాయంత్రమే వెళ్ళి, ఆవిడతో అనాల్సింది అనేశాను. ఇక ఆ మిషను మనకి లేదు.

జయంత్ చేత కొత్త టైట్స్ కొనిపించాను. నీ మంచం మీద ఉన్నాయి, నేను చెయ్యి పెట్టను.

హాస్టలు సంగతి నీ ఇష్టం, వద్దనను. వెళితే మటుకు నాకు బాధగానే ఉంటుంది. ఎలాగూ ఆ జాకెట్లలో విప్పడానికి ఇంక గుడ్డ మిగల్లేదు. ఆదివారం నువ్వు గెలిచినా ఓడినా, సోమవారం ఇద్దరం దర్జీ దగ్గరికి వెళ్ళి కొత్త కొలతలిద్దాం. ఈసారి లోపల గుడ్డ బాగా ఎక్కువ వదలమని చెబుతాను.

మీ అత్తయ్య,
శివపార్వతి