స్టాండు స్విచ్చి పీకలేదు

అన్నయ్యా,

ఇవాళ బండి తీయకు, బస్సులో వెళ్లు. తాళం నాతో పట్టుకెళ్తున్నా, వెతక్కు. సాయంత్రం సైడ్ స్టాండుకి కొత్త స్ప్రింగు తెస్తాను.

గేరు వెయ్యగానే ఇంజను ఆగిపోతోందని, "ఆ దిక్కుమాలిన స్టాండు స్విచ్చి పీకేసి తీగలు కలిపెయ్యవే" అన్నావు. కలిపేద్దామనే కూర్చున్నాను. తీగలు బాగున్నాయి, స్విచ్చీ బాగుంది; స్టాండు దిగి ఉంటే ఇంజను ఆపడమే దాని పని. స్ప్రింగు సాగిపోయి, ఎత్తేసిన స్టాండే మళ్లీ వేలెడు కిందికి జారుతోంది. మలుపులో అది రోడ్డుకి తగిలితే నువ్వూ, వెనక వదినా ఏమయ్యేవాళ్లో. మనిద్దరి కంటికీ ఆననిది బొటనవేలంత స్విచ్చి కనిపెట్టింది. మనం తిట్టినన్నాళ్లూ అది మిమ్మల్ని కాస్తూనే ఉంది.

నిన్న ఆ స్విచ్చిని కాలితో తన్నావుగా. వచ్చాక నువ్వే తుడువు, మెల్లగా.