ఎర్ర ట్యాగు

విసాపూర్

రామనాథం అన్నకు,

నిన్న పొద్దున నా కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే చప్పుడే లేదు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ వైరు ఊడదీసి ఉంది. మరమ్మతులో ఉన్న మిషన్‌ను ఎవరూ నడపకుండా మన ప్లాంటులో కట్టేవాళ్లమే, ఆ ఎర్ర ట్యాగు దానికి వేలాడుతోంది. కింద నా సంతకం.

ఇదెవరి పనని మా ఆవిడ కావేరి మీద కేకలేశాను.

"మొన్న కోఠారి ఊరి కాడ బండి ఆపి, మనిల్లు ఎటున్నదని నన్ను అడిగిండ్రు. ఇంటికొచ్చినంక మీరే కట్టిండ్రు గద," అంది.

నాకు ఒక్క ముక్క కూడా గుర్తు లేదు.

ట్యాగు కట్టినవాడే విప్పాలని ఇన్నేళ్లూ అందరికీ మనమే చెప్పాం. ఇది కట్టిన మనిషెవరో నాకు తెలియదన్నా.

నీ తమ్ముడు