మూడో పీపా

హంటర్ వ్యాలీ, ఆస్ట్రేలియా, మే 2001

అత్తయ్యగారికి మీ కోడలు చాముండేశ్వరి నమస్కారాలు. మేమిద్దరం బాగున్నాం, బెంగ పెట్టుకోకండి.

లోకమంతా కంప్యూటర్ల వెంట పడుతుంటే, పారమట్టాలో అవే ఉద్యోగాలు వదిలేసి ఈ వైన్ చేయడమేమిటి, నువ్వు కూడా తాగుతున్నావా అని ఫోన్‌లో అడిగారు. నేను చెప్పేలోగా లైన్ తెగిపోయింది.

నైవేద్యం పెట్టకుండా ఎంగిలి చేయకూడదని, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో వాసనతోనే చెప్పడం మీరు నేర్పారు కదా! మొన్న అలాగే మూడో పీపా వాసన చూసి, ఇది వెనిగర్ అయిపోతోందన్నాను. మాకు పని నేర్పే టోనీ అంకుల్ నవ్వాడు. గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగి, నవ్వడం మానేశాడు. “హౌ డిడ్ యూ నో, లవ్?” అన్నాడు. లవ్ అంటే ఇక్కడి పెద్దవాళ్ళకి మన ‘అమ్మాయ్’ లాంటి పిలుపే లెండి. మా అత్తగారి పులుసు అన్నాను. మిగతా పీపాలన్నీ ఘుమఘుమలాడుతున్నాయి.

మామయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఈ ఏటి మాగాయ పంపండి, కానీ ఇంగువ పోపు వద్దు. ఆ ఘాటుకి పీపాల దగ్గర నా ముక్కు పనిచేయదు.

కోడలు చుక్క ముట్టలేదని అందరికీ ధైర్యంగా చెప్పండి. మీ అబ్బాయి సంగతి మాత్రం మీ అబ్బాయినే అడగండి.